అత్తగారింటి పూల టైల్స్‌కు సీలర్ వేయొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా మామగారి నాన్న కట్టించిన పాత ఇంట్లో ఉంటున్నాం. నడిమింట్లో 12 అడుగులకు 14 అడుగుల మేర ఎరుపు, పచ్చ, నలుపు రంగుల పూల టైల్స్ ఉన్నాయి. ఈ మధ్య రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తోంది. వెనక గోడ వారన తెల్లటి పొడి వస్తోంది. ఎన్నిసార్లు కడిగినా నాలుగు రోజుల్లో మళ్లీ అంతే. మేస్త్రీని పిలిస్తే యాసిడ్‌తో కడిగి మిషన్ పాలిష్ పెడదామన్నాడు. నల్గొండలో షాపాయన సీలర్ అని, నేలకు మరకలు దిగకుండా పూసే మందు డబ్బా ఒకటి చూపించి, రెండు కోట్లు వేస్తే అద్దంలా మెరుస్తుందన్నాడు. మా అత్తమ్మ మాత్రం ఇవేవీ వద్దు, తను ఎప్పుడూ చేసినట్టే నీళ్లలో ఇంత కిరసనాయిలు కలిపి తుడిస్తే చాలంటుంది. బతుకమ్మకు రెండు నెలలే ఉంది, ఆడబిడ్డలు వస్తారు. అప్పటికి నేల బాగు చేయించాలని ఉంది. ఎవరి మాట వినాలి?

సమాధానం: అమ్మా, ఆ మేస్త్రీని ఇప్పుడే రావద్దని చెప్పండి. షాపాయన డబ్బా షాపులోనే ఉండనివ్వండి. ముగ్గురిలో మీ అత్తమ్మ మాటే కాస్త నయం, అది కూడా పూర్తిగా కాదు.

ముందు ఆ నేల ఏమిటో తేల్చుకోవాలి. మీరు చెప్పిన రంగులు, ఇంటి వయసు చూస్తే అవి సిమెంట్ పూల టైల్స్ అయి ఉండాలి. ఇప్పుడు షోరూముల్లో దొరికే నున్నటి టైల్స్‌ను బట్టీలో కాలుస్తారు, అవి నీళ్లు పీల్చవు. సిమెంట్ టైల్‌ను కాల్చరు. లోహపు అచ్చులో పువ్వుకో గడి, ఆకుకో గడి ఉంటుంది. ఒక్కో గడిలో రంగు కలిపిన సిమెంట్, పాలరాతి పొడి పోస్తారు. వెనక మామూలు సిమెంట్, ఇసుక వేసి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. తర్వాత నీళ్లలో నానబెట్టి ఆరనిస్తారు. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ పనిని మన దేశంలో స్వదేశీ రోజుల్లో పట్టుదలగా మొదలుపెట్టినవాళ్లున్నారు. ముంబైలో భారత్ ఫ్లోరింగ్ టైల్స్ కంపెనీ 1922 నాటిది. మీ ఇంటి టైల్స్ ఎక్కడివో నేను చెప్పలేను గానీ, పని తీరు మాత్రం ఇదే.

ఈ టైల్‌లో రంగు ఉండేది పై పొరలోనే. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, దాదాపు అంత మందం. దాని కింద అంతా బూడిద రంగు సిమెంటే. మీ ఇంట్లో గడప దగ్గర పగిలిన టైల్ ఒకటైనా ఉంటుంది, దాని అంచు చూస్తే తెలిసిపోతుంది. అనుమానం తీరకపోతే బీరువా కింద, ఎవరికీ కనిపించని చోట ఒక్క నిమ్మరసం చుక్క వేయండి. సన్నగా బుడగలొస్తే సిమెంట్ టైలే. వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి, లేకపోతే అక్కడ మచ్చ మిగులుతుంది.

ఒక్క నిమ్మ చుక్కకే అలా ఉంటే బకెట్ యాసిడ్‌కు ఎలా ఉంటుందో నేను చూశాను. చూడటం కాదు, నా చేత్తోనే పోశాను. మా నాన్న మేస్త్రీ. పాలమూరు చుట్టుపక్కల గచ్చు పనులకు నేనూ ఆయన వెంట వెళ్లేవాణ్ని. ఆయన లేని ఒకరోజు ఒక పెద్దమ్మ ఇంట్లో వరండా శుభ్రం చేయమన్నారు. మోజాయిక్‌కు వాడే అలవాటే గదా అని యాసిడ్‌లో నీళ్లు కలిపి చల్లాను. చుయ్‌మని నురగ లేచింది. మురికి పోతోందని సంబరపడ్డాను. అరగంటకు నీళ్లు కొట్టి చూస్తే, ఆకుపచ్చ తీగ ఉన్నచోట సుద్దతో గీసినట్టు పాలిపోయిన గీత మిగిలింది. చేయి పెడితే గరుకు. నురగలో పోయింది మురికి కాదు, సిమెంటే. ఆ పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం పెట్టింది. మా నాన్న ఆ సాయంత్రం వచ్చి చూసి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మేస్త్రీలందరూ చెడ్డవాళ్లని కాదు. వాళ్ల చేయి మోజాయిక్‌కు అలవాటు పడింది. మోజాయిక్‌లో రాతి ముక్కలు లోతుగా ఉంటాయి. కొంత అరగదీసినా కింద అదే రాయి వస్తుంది. అందుకే దాన్ని కార్బొరండమ్ రాళ్లతో రుద్ది, ఆఖర్న ఆక్సాలిక్ యాసిడ్‌తో మెరుపు తెస్తారు. అదే మిషన్‌ను పూల టైల్ మీద నడిపిస్తే రూపాయి బిళ్లలోంచి ఒక బిళ్ల ఎగిరిపోయినట్టే. గోడ వార ఎత్తుగా ఉన్న టైల్స్ మీద పువ్వు పూర్తిగా పోయి, నడుమ పల్లంగా ఉన్నచోట మురికి అలాగే మిగులుతుంది. బాత్రూంలో పోసే లిక్విడ్లూ చాలావరకు యాసిడ్లే. చింతపండు, నిమ్మ చెక్క, వెనిగర్ కూడా అదే జాతి. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిపి వాడితే నేల సంగతి అటుంచండి, ఆ గాలి మనుషుల ప్రాణాల మీదకే తెస్తుంది.

ఇక అసలు విషయం, ఆ తెల్ల పొడి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే.

మన జిల్లాలో నేల మీద, కుండ మీద, పంటి మీద ఏ మరక కనిపించినా ఫ్లోరైడ్ అనేస్తాం. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు కాబట్టి అలా అనడంలో వింతేమీ లేదు. కానీ టైల్ మీది పొడికి ఫ్లోరైడ్‌తో పని లేదు. గోడలోనో నేలలోనో చెమ్మ ఉంది. ఆ చెమ్మ మట్టిలోని, సిమెంట్‌లోని, సున్నంలోని లవణాలను కరిగించుకుని టైల్ గుండా పైకొస్తోంది. పైకొచ్చాక నీరు ఆవిరైపోతుంది, లవణం తెల్లగా మిగిలిపోతుంది. పాత ఇళ్లలో పునాదికీ గోడకూ నడుమ చెమ్మను ఆపే పట్టీ వేసే అలవాటు లేదు. అందుకే ఇలాంటిది ఎక్కువగా గోడ వారనే మొదలవుతుంది.

మీరు కడిగినప్పుడల్లా ఏం జరుగుతోందంటే, ఆ పొడి నీళ్లలో కరిగి మళ్లీ టైల్‌లోకి దిగుతోంది. నాలుగు రోజులకు తిరిగి వస్తోంది. మీ శ్రమంతా దాన్ని లోపలికి, బయటికి తిప్పడానికే సరిపోతోంది. పైగా అది బోరు నీళ్లయితే ఆ నీళ్ల సున్నం కూడా తోడవుతుంది. కాబట్టి ఆ గోడ వార కడగడం ఇవాళే ఆపేయండి. పొడి బ్రష్షుతో, మరీ గట్టిది కాకుండా, రుద్ది చేటలోకి ఎత్తి బయట పారేయండి. వాకిట్లో చల్లొద్దు, వానకు మళ్లీ ఇంటి కిందకే చేరుతుంది. రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు ఇలా చేస్తుంటే పొడి తగ్గుతోందో లేదో మీకే అర్థమవుతుంది.

తర్వాత చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలి. ఒక పాలిథిన్ కవరు అడుగున్నర చదరంగా కత్తిరించి, పొడి వస్తున్న చోట పరిచి, నాలుగు పక్కలా టేపు వేయండి. నడిమింటి మధ్యలో ఇంకొకటి. రాత్రి వేసి మరునాడు మధ్యాహ్నం తీయండి. కవరు లోపలివైపు నీటి చుక్కలున్నా, కింద టైల్ నల్లబడినా చెమ్మ కింది నుంచి వస్తున్నట్టు. గోడ వారన చుక్కలు కట్టి మధ్యలో పొడిగా ఉందనుకోండి, తప్పు ఆ గోడ వెనక ఉంది. గోడకు అటుపక్క ఏముందో ఒకసారి వెళ్లి చూడండి. తులసి కోటా? స్నానాల నీళ్లు పోయే మోరీ పగిలిందా? కప్పు నీళ్లు దూకే చోట గుంట పడిందా? నేను చూసిన ఇళ్లలో చాలావాటికి కారణం ఇలాగే చిన్నది. ఒకచోట గోడకు ఆనించి కట్టిన గేదెల నీళ్ల తొట్టి, ఇంకోచోట ఎయిర్ కూలర్ కింద పెట్టిన బకెట్. కూలర్ సంగతి తెలిసేసరికి ఆ ఇంట్లోవాళ్లు రెండు డబ్బాల సీలర్ కొనేశారు.

ఆ మోరీనో గుంటనో బాగు చేశాక నేల ఆరడానికి వ్యవధి ఇవ్వాలి. గోడకు అటుపక్క ప్లాస్టిక్ పెయింట్ ఉంటే గోడ ఆరదు. పాత సున్నపు గోడకు సున్నమే వేయడం మంచిది. ఇప్పుడు వానాకాలం. అందుకే మీరు అడిగినట్టు బతుకమ్మ లోపల సీలర్ పని కుదరదు. ఆడబిడ్డలకు ఈ ఏడు మెరిసే నేల చూపించలేరు, క్షమించాలి. దసరా, దీపావళి పోనిచ్చి, సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్, మే నెలల మన ఎండల్లో నేల కాలిపోతుంటే సీలర్ లోపలికి ఇంకకముందే పైన ఆరిపోతుంది.

ఇప్పుడు షాపాయన డబ్బా గురించి. సీలర్లు రెండు రకాలు. ఒకటి టైల్ పైన పొరలా కూర్చుంటుంది, వార్నిష్‌లా. అద్దంలా మెరిసేది అదే. రెండోది లోపలికి ఇంకి, టైల్ రంధ్రాల గోడలకు పట్టుకుంటుంది. నీళ్లు, నూనె లోపలికి దిగకుండా ఆపుతుంది గానీ లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. పైన ఏమీ కనిపించదు. అందుకే జనం డబ్బులు దండగయ్యాయనుకుంటారు. చెమ్మ ఉన్న మీ నేల మీద మొదటి రకం వేశారనుకోండి, లవణం పైకి రావడానికి దారి లేక ఆ పొర కిందే గడ్డకడుతుంది. ముందు తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. తర్వాత పొర పొట్టులా లేస్తుంది. లేచేటప్పుడు పువ్వు రంగును కూడా పట్టుకుపోతుంది. ఆ పొరను తీయడానికి మళ్లీ మందులు, మళ్లీ మిషన్.

కాబట్టి షాపులో ‘లోపలికి ఇంకే సీలర్ కావాలి, పెనెట్రేటింగ్ సీలర్’ అని అడగండి. డబ్బా మీద సిమెంట్ టైల్స్‌కు అని రాసి ఉందో లేదో చూసుకోండి. ‘వెట్ లుక్’, అంటే తడి మెరుపు, అని ఉంటే అది ఎక్కువగా పైన పొర కట్టే రకం, పక్కన పెట్టేయండి. వెలిసిన రంగు కాస్త లేచి కనిపించాలనుకుంటే లోపలికి ఇంకుతూనే రంగును ముదురు చేసేవీ దొరుకుతాయి. ముందు బీరువా కింద ఒక టైల్ మీద వేసి, రెండు రోజులు చూసి నిర్ణయించుకోండి. ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం.

డబ్బా కొనేముందు ఇంకో చిన్న పరీక్ష ఉంది. మూడు చోట్ల చెంచాడు నీళ్లు పోసి గడియారం చూడండి. నిమిషంలోపు టైల్ నల్లబడితే దాహంతో ఉన్నట్టు, సీలర్ కావాలి. ఐదు నిమిషాలైనా చుక్క చుక్కలాగే నిలబడితే పాత నూనె పొరో, ఎవరో వేసిన సీలరో ఇంకా ఉంది. ఇక్కడే మీ అత్తమ్మ కిరసనాయిలు వస్తుంది. ఏళ్లతరబడి ఆమె తుడిచిన ఆ నూనె పొర వల్ల కూడా మీ నేల ఇన్నాళ్లు నీళ్లు తక్కువ పీల్చి ఉండొచ్చు, మెరుపూ నిలిచి ఉండొచ్చు. ఆమె మాట నయమన్నది అందుకే. కానీ ఆ పొరకు దుమ్ము అంటుకుంటుంది, మెల్లగా రంగు మసకబారుతుంది. వంటింటి పొయ్యి ఉన్న ఇంట్లో నిప్పు భయం కూడా ఉంది. పైగా ఆ నూనె ఉండగా సీలర్ లోపలికి దిగదు. రంగు వెలిసిందని మీరు అనుకుంటున్నది సగం ఈ పొరే కావొచ్చు. ఒక్క టైల్‌ను సబ్బు నీళ్లతో రుద్ది, ఆరబెట్టి, పక్క టైల్‌తో పోల్చి చూడండి.

చెమ్మ తగ్గిందని కవరు పరీక్షలో తేలాక పని ఇలా చేసుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి మెత్తటి బ్రష్షుతో నేలంతా రుద్దండి. ఇనుప పీచు వద్దు. మాసిన నీళ్లు అక్కడే ఆరనివ్వకుండా గుడ్డతో ఎత్తేయాలి. ఆఖరి రెండుసార్లు కడిగేటప్పుడు బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. మన దగ్గరి బోరు నీళ్లకంటే కృష్ణా నీళ్లలో సున్నం తక్కువ. సందుల్లో సిమెంట్ ఊడిపోయి ఉంటే అప్పుడే నింపించండి. తెల్ల సిమెంట్‌లో రంగు కలిపితే తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక లేతబడుతుంది. ముందు ఒక పలక మీద ఆరబెట్టి చూడమనండి. కడిగిన నేల, నింపిన సందులు మూడు నాలుగు రోజులైనా ఆరాలి. ఫ్యాను వేసి ఉంచండి. తొందరపడితే ఇన్నాళ్ల పనీ వృథా.

సీలర్ వేసేది పొద్దున్నే. ఉతికిన పాత బనీను గుడ్డ చాలు, రోలర్ అక్కర్లేదు. గది లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి రావాలి, లేకపోతే లోపలే ఇరుక్కుంటారు. ఒకసారికి పది పన్నెండు టైల్స్ మాత్రమే. పల్చగా పూసి, పది నిమిషాలు ఆగి, ఇంకగా మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. తుడవకుండా వదిలేస్తే అది పైనే ఆరి జిగురుగానో తెల్లగానో మిగులుతుంది. మీ గదిలో 8 అంగుళాల టైల్స్ అయితే దగ్గర దగ్గర 380 ఉంటాయి. ఇద్దరు కలిసి చేస్తే ఒక పూట పని. మొదటి కోటు నేల బాగా తాగుతుంది కాబట్టి డబ్బా మీద రాసినన్ని చదరపు అడుగులు రావు, కాస్త ఎక్కువే తెచ్చుకోండి. రెండో కోటు ఎంతసేపటికి వేయాలో డబ్బా మీద ఉంటుంది. ఘాటు వాసన వచ్చే రకమైతే తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. ఆ రోజు నడిమింట్లో దీపం, అగరబత్తి వద్దు. దేవుడికి వేరే అర్రలో దండం పెట్టుకోవచ్చు. ఒక రోజంతా నడవొద్దు, మూడు రోజులు తడి తగలనివ్వొద్దు.

సీలర్ వేసినా పులుసు ఒలికితే మచ్చ పడుతుంది. పులుపు చేసే నష్టాన్ని సీలర్ ఆపదు, నూనెనూ రంగునూ ఆపుతుంది. అది కూడా మీరు వెంటనే తుడిచేస్తేనే. ఏడాదికోసారి ఆ చెంచా నీళ్ల పరీక్ష చేసి, నల్లబడుతున్న చోట మళ్లీ ఒక కోటు వేస్తే చాలు. గుమ్మం దగ్గర ముందు అరుగుతుంది, మంచం కింద ఏళ్లు నిలుస్తుంది.

రోజువారీ తుడవడానికి పెద్ద తతంగం లేదు. ముందు ఊడవండి, ఇసుక రేణువుల మీద తడిగుడ్డ లాగితే అదే గరుకు కాగితం. గుడ్డ బాగా పిండి తుడవాలి, నేల మీద నీళ్లు నిలవొద్దు. సర్ఫ్ పొడి వద్దు, పొర మిగులుతుంది. బీరువా కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టండి. తుప్పు మరక దిగిందంటే దాన్ని తీసే మందులు ఎక్కువగా పులుపు జాతివే. మా ఇంట్లో అలాంటి మరక ఒకటుంది, దాని మీద చాప వేశాం.

నూనె మరకకు సుద్ద పొడిలో సబ్బు నీళ్లు కలిపి ఇడ్లీ పిండిలా చేసి, మందంగా పట్టించి, కవరు కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత కవరు తీసి, పూర్తిగా ఆరాక గీకేయండి. ఒక్కసారికి పోదు, రెండు మూడుసార్లు చేయాలి. పసుపు పడితే కంగారుపడొద్దు. సిమెంట్‌లో సున్నం ఉంటుంది కాబట్టి దిష్టి నీళ్లలాగే ఎర్రబడొచ్చు. వెంటనే తుడిచి, ఆ చోటికి ఎండ తగిలేలా కిటికీ తెరిచి ఉంచితే కొన్నాళ్లకు వెలిసిపోతుంది.

ఇక ఈ బతుకమ్మ సంగతి. మీ నేలకు ఇప్పుడు సీలర్ లేదు, వానలకు చెమ్మ ఉంది. గునుగు పువ్వుకు వేసే గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు మీ టైల్స్ మీద పడితే పువ్వు మీద పువ్వు అచ్చు పడిపోతుంది. రంగు తొట్టెలు వాకిట్లోనే పెట్టించండి, తడి గునుగు కట్టలను లోపలికి తేనివ్వొద్దు. బతుకమ్మను నడిమింట్లో పేరిస్తే కింద ముందు ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత చద్దరు పరచండి. పూలు నీళ్లు కారుస్తూనే ఉంటాయి, ఒక్క చద్దరు ఆగదు. గోడ వారన ఆ పొడి పండగ రోజు కూడా కనిపించొచ్చు. పొద్దున్నే బ్రష్షుతో తీసేసి, ఆ వార ఒక చాప పరిచి ఆడబిడ్డలను కూర్చోబెట్టండి. వాళ్లు వెళ్లగానే చాప తీసేయడం మాత్రం మరవొద్దు, కింద నేలకు గాలి తగలాలి.